ఇరవై అంకెల సంఖ్య, రెండు అంకెల తారుమారు

పోయిన నెలలో మా మేనమామ దగ్గర నుంచి ఒక వాట్సాప్ సందేశం వచ్చింది. ఆయన ముప్పై ఏళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరైన మనిషి. ఇంట్లో ఎవరైనా పద్యం తప్పు చదివితే అన్నం ముందు నుంచి లేచి వచ్చి సరిదిద్దే రకం. సందేశంలో తెలుగులో గణితగ్రంథం రాసిన కవి పావులూరి మల్లన పేరున ప్రచారంలో ఉన్న చంపకమాల ఉంది, దాని కింద ఒక ఇరవై అంకెల సంఖ్య ఉంది, ఆ కింద నాలుగు దండాల బొమ్మలు, చివర "కంప్యూటర్ 64 బిట్ల రహస్యం వెయ్యేళ్ళ కిందటే తెలుగువాడికి తెలుసు" అన్న ఒక వాక్యం ఉన్నాయి. ఇలాంటివి రోజూ వస్తాయి, చదవకుండానే దాటేస్తాం. కానీ ఆ పద్యమంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం కనుక ఆగాను.

"శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ / ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం / జర తుహినాంశు సంఖ్యకు..." అని సాగే ఆ పద్యంలో చదరంగపు పలక మీద మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా అరవై నాలుగు గళ్ళూ రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తం భూతసంఖ్యల్లో, అంటే అంకెలకు బదులు వాటిని సూచించే మాటల్లో, చెప్పబడింది. శరాలు ఐదు, శశి ఒకటి, షట్కం ఆరు, చంద్రుడు ఒకటి, మళ్ళీ శరాలు ఐదు, సాయకాలు ఐదు, రంధ్రాలు తొమ్మిది, వియత్తు సున్న, నగాలు ఏడు, అగ్నులు మూడు, భూధరాలు ఏడు, గగనం సున్న, అబ్ధులు నాలుగు, వేదాలు నాలుగు, గిరులు ఏడు, తర్కాలు ఆరు, పయోనిధులు నాలుగు, పద్మజుడి ముఖాలు నాలుగు, కుంజరాలు ఎనిమిది, తుహినాంశుడు ఒకటి. అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి కనుక తిరగేసి రాసుకుంటే 18446744073709551615 వస్తుంది. రెండును అరవై నాలుగు సార్లు వేసి గుణించి, అందులోంచి ఒకటి తీసేస్తే వచ్చేది సరిగ్గా ఇదే.

మామయ్య పంపిన సందేశంలో పద్యం కింద ఉన్న సంఖ్య మాత్రం 18446744073790551615. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినా చప్పున కనిపించదు. నాకూ కనిపించలేదు.

అలవాటు కొద్దీ అంకెలన్నీ కూడాను. 87 వచ్చింది, ఎనిమిదీ ఏడూ పదిహేను, ఒకటీ ఐదూ ఆరు. రెండు ఘాతాలను తొమ్మిదితో భాగిస్తే శేషాలు 2, 4, 8, 7, 5, 1 అని ఆరేసి మెట్లకొకసారి తిరిగి వస్తాయి కనుక అరవై నాలుగో మెట్టుకు 7, ఒకటి తీసేస్తే 6. సరిపోయింది. అక్కడితో ఊరుకోవలసింది. ఎందుకో కాగితం తీసుకుని పదిహేడుతో భాగించాను. శేషం 15 వచ్చింది. రానే రాకూడదు. మళ్ళీ చేశాను, మళ్ళీ పదిహేనే. అప్పుడు పద్యం దగ్గరికి వెళ్ళి ఒక్కొక్క మాటా విప్పుకుంటూ వస్తే "సాయక రంధ్ర వియన్నగ" దగ్గర దొరికింది. 5, 9, 0, 7, తిరగేస్తే 7095. సందేశంలో ఉన్నది 7905. ఎవరో టైపు చేసేటప్పుడు సున్నా, తొమ్మిదీ స్థానాలు మారిపోయాయి. అంకెల మొత్తానికి ఆ తారుమారు తెలియదు, కూడిక కదా, పదిహేడుకు తెలిసిపోయింది.

ఫోన్ చేసి చెప్పాను. "ఏరా, వెయ్యేళ్ళ నాటి పద్యంలో తప్పు పట్టావా?" అన్నారు. "పద్యంలో కాదు మామయ్యా, పద్యం కిందున్న అంకెల్లో" అన్నాను. కాసేపు మౌనం తరువాత, "అయినా అంత పెద్ద సంఖ్యలో ఆ మాత్రం తేడా వస్తే ఏమైంది?" అన్నారు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను.

ఆ మాత్రం తేడా

ఈ సంఖ్యను గురించి చెప్పే ప్రతివారూ దాని పెద్దతనాన్నే చెబుతారు. పలక మీది గళ్ళ లెక్కన గింజలిమ్మని ఒక పేదవాడు అడిగితే రాజుగారి ధాన్యాగారం చాలలేదని ఒకరు, ప్రపంచంలో పండే గోధుమలన్నీ తెచ్చినా చాలవని ఇంకొకరు. 1883లో ఎడ్వర్డ్ లూకాస్ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు మూడు కడ్డీలూ కొన్ని బిళ్ళలూ ఉన్న ఒక ఆటవస్తువును అమ్మకానికి పెట్టినప్పుడు, దానికి కాశీలోని ఏదో గుడిలో పూజారులు అరవై నాలుగు బంగారు బిళ్ళలను రాత్రింబవళ్ళు మారుస్తున్నారన్న కథ తగిలించారు. బిళ్ళలన్నీ మారడానికి కావలసిన ఎత్తులు కూడా ఇవే 18446744073709551615. సెకనుకొక ఎత్తు చొప్పున 58,000 కోట్ల ఏళ్ళు దాటుతుంది. కథ బాగుంది. కాశీవాళ్ళకు మాత్రం ఆ గుడి ఎక్కడుందో తెలియదు.

నా అభిప్రాయం ఏమిటంటే, పెద్ద సంఖ్యకు పెద్దతనం అన్నది చెప్పుకోదగ్గ గుణమే కాదు. దానికి ఒకటి కలిపితే ఇంకా పెద్దది వస్తుంది. పది రెట్లు చేస్తే మరీ పెద్దది వస్తుంది. ఆ వరుసలో దీనికంటూ ఒక ప్రత్యేకత లేదు. దాన్ని దాని పక్కనున్న సంఖ్య నుంచి వేరు చేసేది అది ఏ ఏ సంఖ్యలతో నిశ్శేషంగా భాగించబడుతుంది, వేటితో భాగించబడదు అన్న సంగతి ఒక్కటే.

ఇది నాకు ఒక చిన్న పనిలో తెలిసివచ్చింది. మామయ్యకు పంపడానికి సరైన సంఖ్యను ఒక స్ప్రెడ్‌షీట్ గడిలో టైపు చేశాను. ఎంటర్ కొట్టగానే అది 18446744073709500000గా మారిపోయింది. మొదటి పదిహేను అంకెలు ఉంచుకుని మిగతా ఐదింటినీ సున్నాలు చేసేసింది. గింజల లెక్కలో పోయినవి 51,615. బియ్యపు గింజలనుకుంటే కిలో, మహా అయితే కిలోన్నర. భూమండలం మీద పరిచే ధాన్యంలో కిలో బియ్యం ఎవరికి కావాలి? పెద్దతనం వైపు నుంచి చూస్తే ఏమీ పోలేదు. కానీ సంఖ్యగా చూస్తే మిగిలినదేమీ లేదు. బేసి సంఖ్య సరిసంఖ్య అయింది. 17 దాన్ని భాగించదు, 257 భాగించదు, 641 భాగించదు, 65537 భాగించదు. మనిషి ఎత్తూ బరువూ అలాగే ఉంచి పేరూ ఊరూ మొహమూ మార్చేసినట్టు.

పలకను మడిచి చూస్తే

పదిహేడుతో భాగిస్తే శేషం రాకూడదని నాకు ముందే ఎలా తెలుసు? దానికి బీజగణితం అక్కరలేదు, చదరంగపు పలక చాలు. మొదటి వరుసలోని ఎనిమిది గళ్ళలో మొత్తం 255 గింజలు. రెండో వరుసలో ప్రతి గడిలోనూ దాని పైగడికి 256 రెట్లు ఉంటాయి కనుక ఆ వరుస మొత్తం 255కు 256 రెట్లు. మూడో వరుస దానికి మళ్ళీ 256 రెట్లు. అంటే ఏ వరుస తీసుకున్నా 255కు గుణిజమే, కాబట్టి పలక మొత్తమూ 255కు గుణిజమే. 255 అంటే మూడు ఐదుల పదిహేను, పదిహేను పదిహేడులు. ఎవరో కావాలని పేర్చినట్టు పలక ఆకారమే ఆ మూడు కారణాంకాలనూ బయటపెడుతోంది.

ఇంకా చిన్న ముక్కతో మొదలుపెడితే మరీ ముచ్చటగా ఉంటుంది. రెండు గళ్ళ మొత్తం 3. నాలుగు గళ్ళ మొత్తం 15, అంటే 3ను 5తో గుణించినది. ఎనిమిది గళ్ళకు దాన్ని 17తో, పదహారు గళ్ళకు 257తో, ముప్పై రెండు గళ్ళకు 65537తో గుణిస్తూ వస్తాం. గళ్ళు రెట్టింపైన ప్రతిసారీ కొత్తగా ఒక్క గుణకం చేరుతుంది, అది అంతకుముందటి మొత్తానికి రెండు కలిపిన సంఖ్య. 65537 వరకూ చేరినవన్నీ ప్రధాన సంఖ్యలే. (బ్యాంకు వెబ్‌సైటు తెరిచినప్పుడు తెర వెనుక జరిగే రహస్య లిపి లెక్కల్లో చాలాచోట్ల వాడేది ఈ 65537నే, మన పలకలోని ఒక కారణాంకం రోజూ మన జేబులో పనిచేస్తోందన్న మాట.) చివరి మడత దగ్గర, ముప్పై రెండు గళ్ళ నుంచి అరవై నాలుగుకు వెళ్ళేటప్పుడు చేరే గుణకం 4294967297. ఇది కూడా ప్రధాన సంఖ్యే అయి ఉండాలని 1640 ప్రాంతంలో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా గట్టిగా నమ్మాడు. ముందున్న ఐదూ అలాగే ఉన్నాయి కదా, నమ్మడంలో తప్పు లేదు. 1732లో స్విస్ గణితజ్ఞుడు ఆయిలర్ దాన్ని రెండుగా విరిచి చూపించాడు: 641, 6700417.

641 దగ్గర కొంచెం ఆగాలి. అంత పెద్ద సంఖ్యను భాగించేది మూడంకెల సంఖ్య అని ఊహించడం ఎలా? 4294967297ను భాగించగల ప్రధాన సంఖ్య ఏదైనా సరే 64 గుణిజానికి ఒకటి కలిపిన రూపంలోనే ఉండాలని ఆయిలర్ తరువాత నిరూపించాడు. ఆ రూపంలోని ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. అంటే ఐదోసారికి దొరుకుతుంది. నాలుగు భాగహారాలు వృథా అంతే. ఇక నిజంగానే భాగిస్తుందా అని చూడడానికి అసలు భాగహారమే అక్కరలేదు. 641ను రెండు రకాలుగా రాయవచ్చు: 5 × 128 + 1 అని ఒకటి, 625 + 16 అని మరొకటి. 641తో భాగించినప్పటి శేషాలను మాత్రమే పట్టించుకుంటే, మొదటి రూపం ప్రకారం 5 × 2⁷ అనేది −1తో సమానం. దాన్ని నాలుగో ఘాతానికి ఎత్తితే 5⁴ × 2²⁸ అనేది 1తో సమానం. రెండో రూపం ప్రకారం 5⁴, అంటే 625, −16తో సమానం, అంటే −2⁴తో. దాన్ని పై వాక్యంలో పెడితే −2³² అనేది 1తో సమానం. కాబట్టి 2³² + 1 అనేది 641తో నిశ్శేషంగా భాగించబడుతుంది. నేను దీన్ని మొదటిసారి ఒక బస్సులో, టిక్కెట్టు వెనక రాసుకుని చూసుకున్నాను. నా స్టాపు దాటిపోయింది.

మొత్తం మీద మల్లన సంఖ్యకు ఏడు ప్రధాన కారణాంకాలు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఒక్కొక్కటీ ఒక్కసారే వస్తుంది కనుక దాన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు మొత్తం 128.

పక్కింటివాళ్ళు

ఇప్పుడు దీనికి ఒకటి కలపండి. ఆ కొత్త సంఖ్యలో రెండు తప్ప మరో ప్రధాన కారణాంకం లేదు. ఇంకొకటి కలపండి; దాన్ని విరవడానికి పందొమ్మిదో శతాబ్దం దాకా ఎవరివల్లా కాలేదు. 1855లో క్లౌసెన్ అనే డేనిష్ గణితజ్ఞుడు ఒక ఉత్తరంలో, 1880లో లాండ్రీ అనే ఫ్రెంచి ముసలాయన ఎనభై రెండేళ్ళ వయసులో సొంతంగా కనిపెట్టినదాని ప్రకారం అది 274177, 67280421310721 అనే రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం. వరుసగా ఉన్న మూడు సంఖ్యలు, పెద్దతనంలో కవలలు, లోపల ఒకరికొకరు ముఖపరిచయం కూడా లేనివాళ్ళు.

పలక మీదనే ఇంకొక చిత్రం ఉంది. అరవై నాలుగు దాకా వెళ్ళకుండా అరవై ఒకటో గడి దగ్గర ఆపితే అప్పటికి పోగైన గింజలు 2305843009213693951. ఈ కుప్పను ఎంతమందికి పంచినా సమానంగా పంచలేరు. ఒక్కడే తీసుకుపోవాలి, లేదా తలా ఒక్క గింజ తీసుకోవాలి. ఇది ప్రధాన సంఖ్యని 1883లో పెర్వుషిన్ అనే రష్యన్ పల్లెటూరి మతాచార్యుడు నిరూపించాడు. ఇంకో మూడు గళ్ళు నింపితే అదే కుప్పను ముగ్గురికీ, ఐదుగురికీ, పదిహేడుగురికీ సమానంగా పంచవచ్చు. రెండో గడి మొదలుకొని అరవై నాలుగో గడి వరకు ఇలా పంచడానికి లొంగని చోట్లు తొమ్మిదే: 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61. పేదవాడు రాజును అరవై నాలుగు అడగకుండా అరవై ఒకటి అడిగి ఉంటే కథ మారేది కాదు, రాజు అప్పటికే దివాలా. సంఖ్య మాత్రం పూర్తిగా మారిపోయేది.

నాకే వచ్చిన అనుమానాలు

ఇలా రాస్తూ పోతుంటే నాకే ఒక ఎదురుప్రశ్న తోచింది. కారణాంకాల గురించి ఇంత మురిసిపోవడం మాత్రం ఇంకొక రకం వింతల జాబితా కాదా? అంకెలు తిరగేస్తే అదే వచ్చే సంఖ్యలు, అంకెల మొత్తం ఇంత అయ్యే సంఖ్యలు అంటూ పత్రికల్లో వచ్చే గణిత వినోదాలకూ దీనికీ తేడా ఏమిటి? తేడా ఉందనే అనుకుంటున్నాను. అంకెల మొత్తం 87 అనేది మనకు చేతులకు పది వేళ్ళుండడం వల్ల వచ్చిన సంగతి. అదే సంఖ్యను రెండు ఆధారంగా రాస్తే వరుసగా అరవై నాలుగు ఒకట్లు వస్తాయి, అంకెల మొత్తం 64 అవుతుంది. ఎలా రాసినా, ఏ భాషలో పలికినా, గింజలుగా పోసినా 641 మాత్రం దాన్ని భాగిస్తూనే ఉంటుంది. మొదటిది రాతకు సంబంధించిన గుణం, రెండోది సంఖ్యకు సంబంధించిన గుణం.

రెండో అనుమానం మామయ్య వైపు నుంచి వచ్చినది, ఇది కొంచెం కష్టమైనది. 64 బిట్ల (కంప్యూటర్ ఒక సంఖ్యను సున్నాలూ ఒకట్లుగా రాసుకునే అరవై నాలుగు స్థానాల) మాట విని నేను ఫోన్‌లో నవ్వాను. చదరంగానికి ఎనిమిదేసి గళ్ళ వరుసలు ఎనిమిది ఉండడం వేరు, కంప్యూటర్ తయారుచేసేవాళ్ళు రెట్టింపులు చేసుకుంటూ 64 దగ్గరికి రావడం వేరు, రెండు దారులు ఒకే చోట కలిసినంత మాత్రాన ఒకరి రహస్యం ఇంకొకరికి తెలిసినట్టు కాదు అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. కానీ ఆయన వెంటనే, "మరి ప్రస్తారం మాటేమిటిరా?" అన్నారు. నా దగ్గర నవ్వు ఆగిపోయింది.

ఛందస్సుకు సూత్రాలు రాసిన పింగళుడి నాటి నుంచీ ఛందశ్శాస్త్రంలో లఘువులూ గురువులూ కలిసే అన్ని రకాలనూ వరుస తప్పకుండా రాసుకుంటూ పోయే పద్ధతి ఉంది, అదే ప్రస్తారం. ఫలానా వృత్తం ఆ వరుసలో ఎన్నవదో లెక్కగట్టే పద్ధతి ఉద్దిష్టం. పాదానికి ఇరవై ఒక్క అక్షరాలుండే ప్రకృతి ఛందస్సులో 20,97,152 వృత్తాలు పుడతాయి, అంటే రెండుకు ఇరవై ఒకటో ఘాతం. చంపకమాల గణాలు న జ భ జ జ జ ర. ప్రతి అక్షరానికీ 1, 2, 4, 8 అని రెట్టిస్తూ విలువలు వేసుకుని, లఘువులున్న చోటి విలువలు మాత్రం కూడి, ఒకటి కలిపితే 7,11,600 వస్తుంది. మామయ్య ఈ సంఖ్యను నోటితో చెప్పారు, నేను కాగితం మీద కూడి చూసుకున్నాను. గింజలను రెట్టించే లెక్కా ఇదే, పద్యానికి వరుస సంఖ్య ఇచ్చే లెక్కా ఇదే. రెండు రాశులతోనే అన్నిటినీ లెక్కపెట్టే పని వాళ్ళు నిజంగానే చేశారు. కనుక నేను ఒక మెట్టు దిగాను: యంత్రం సంగతి వాళ్ళకు తెలుసనడం అతిశయోక్తే కానీ, ఆ లెక్క తెలియదనడం అన్యాయం. అయితే ఇక్కడ కూడా గొప్పతనం సంఖ్య పెద్దది కావడంలో లేదని మామయ్యే నాకు గుర్తు చేసినట్టయింది. ఇరవై లక్షల వృత్తాల్లో ఇది ఎన్నవదో ఒకటి అటూ ఇటూ కాకుండా చెప్పగలగడంలో ఉంది.

పద్యం కాపలా ఎంతవరకు

ఇరవై అంకెలను వెయ్యేళ్ళ పాటు తాటాకుల మీదుగా, నోళ్ళ మీదుగా దాటించడం చిన్న పని కాదు. అంకెలుగా రాసి ఉంటే ఏ లేఖకుడి చేతిలోనో సున్నా తొమ్మిదీ ఎప్పుడో తారుమారయ్యేవి; ఫోన్ల కాలంలోనే అయ్యాయి కదా. భూతసంఖ్యలుగా చెప్పి, వృత్తంలో బిగించి, యతి ప్రాసలతో మేకులు కొట్టడం వల్ల అవి కదలలేదు. "రంధ్ర వియన్నగ"ను "వియద్రంధ్ర నగ" అని మార్చి చదవండి, గణం అక్కడే విరుగుతుంది. "గగనాబ్ధి"లో అబ్ధిని మింగేసి చూడండి, మామయ్యలాంటివారు అన్నం ముందు నుంచి లేచి వస్తారు. రెండో పాదం మొదట్లో ధకారానికి "తర్క"లోని తకారం యతి. ఆరును సూచించడానికి అక్కడ "షట్క" అని పెడితే తూకం సరిపోయినా యతి పోతుంది.

అయినా ఈ కాపలాకు ఒక కన్నం ఉంది. "వేద గిరి" అన్నచోట "వేద కరి" అని ఎవరైనా రాశారనుకోండి. రెండూ రెండేసి లఘువులు, యతి స్థానం కాదు, ప్రాస స్థానం కాదు. గణాలు చెక్కుచెదరవు, చెవికి కూడా కమ్మగానే ఉంటుంది. కానీ గిరులు ఏడు, కరులు ఎనిమిది. ఛందస్సు అక్షరం బరువును చూస్తుంది, అర్థాన్ని చూడదు. అలాంటి తప్పును పట్టుకునేది లెక్క ఒక్కటే: అంకెల మొత్తం 88 అవుతుంది, అప్పుడు మూడే దాన్ని భాగించదు. నాకు వచ్చిన సందేశంలోని తప్పుది దీనికి సరిగ్గా ఎదురు కథ. మూడుకు దొరకలేదు, ఐదుకు దొరకలేదు, పదిహేడుకు దొరికింది, ఎక్కడుందో చూపించింది మాత్రం పద్యం. ఇద్దరు కాపలాదారులూ చెరొక రకం దొంగను పట్టుకుంటారు.

మామయ్యకు ఇదంతా రాసి, సరిచేసిన సంఖ్యతో పాటు ఏడు కారణాంకాలనూ పంపాను. ఈసారి స్ప్రెడ్‌షీట్‌ను నమ్మకుండా చేత్తో రాసి ఫొటో తీశాను. ఆయన వాటిని మొదటి సందేశం వచ్చిన గుంపులో పెట్టారట, ఎవరూ ఏమీ అనలేదట. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి, 6700417ను భూతసంఖ్యల్లో కడుతున్నానని చెప్పారు. "గిరి, శశి, వేద, ఆ తరువాత రెండు సున్నాలు పక్కపక్కనే వచ్చాయిరా, గగన వియత్తులంటే పునరుక్తిలా ఉంది, పైగా నగ తర్కాల దగ్గర యతి కుదరడం లేదు" అన్నారు. చంపకమాల వదిలేసి కందంలో ప్రయత్నించమన్నాను. ఆ మాటకు మాత్రం కోపం వచ్చింది.